మాటల గది - పుట్టుపూర్వోత్తరాలు

ప్రతి సంవత్సరం ఈ సంచికలో చరిత్ర వ్యాసమంటే కోటలు, నవాబులు, పాత కట్టడాల సంగతులు చదవడం మన సభ్యులకు అలవాటు. ఈసారి కార్యవర్గం వారు మాకు అప్పగించిన అంశం వేరు. మన సంఘానికి సెల్ ఫోనులో ఒక గ్రూపు ఏర్పడి, సభ్యులు ఒక్కొక్కరే అందులో చేరుతున్న సంగతి అందరికీ విదితమే. చేరిన పెద్దవారిలో చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇందులో ముందు ఏం చెయ్యాలి భాయీ? సలాం చెప్పి ఊరుకోవాలా? వచ్చిన ప్రతిదానికీ జవాబు ఇవ్వాలా?" ఏ మీట నొక్కాలో పిల్లలు చూపిస్తారు. ఎలా మెలగాలో చెప్పడానికి మాత్రం ఈ మాటల గది ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, ఎక్కడ చెడింది అన్నది కొంచెం తెలియాలి. అందుకే ఈ వ్యాసం.

అసలు విషయానికి వచ్చేముందు మన ఇంటి తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నాళ్ళ క్రితం మన గ్రూపులోకి "అత్యవసరంగా రక్తం కావాలి" అనే సందేశం ఒకటి వచ్చింది. రక్తం గ్రూపు వుంది, ఒక ఫోను నంబరు వుంది. తేదీ లేదు. మనవాళ్ళు మంచి మనసుతో దాన్ని పదిచోట్లకు పంపారు, అక్కడినుంచి మరో పదిచోట్లకు పోయింది. ఆ రోగి అంతకు నెలరోజుల ముందే చనిపోయారని తర్వాత తెలిసింది. ఆ ఇంటివారు దుఃఖంలో వుండగా రాత్రనక పగలనక ఫోను మోగుతూనే వుంది. "రక్తం ఇంకా కావాలా?" అని అడిగిన ప్రతివారికీ ఆ తల్లి "అక్కర్లేదు బాబూ, అయిపోయింది" అని చెప్పుకోవలసి వచ్చింది. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. అయినా బాధ బాధే. ఆ రోజునుంచే ఈ గది మర్యాద గురించి వ్రాయాలని మాకు అనిపిస్తూ వచ్చింది.

మొదటి గది

మాటల గది అనగానే కుర్రకారు కాలక్షేపం కోసం పుట్టించిందనుకుంటాము. వాస్తవం అది కాదు. అది పుట్టింది ఒక ప్రభుత్వ కార్యాలయంలో, ధరల సమస్య వల్ల. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ జీతాలను, ధరలను తొంభై రోజులపాటు ఉన్నవి ఉన్నట్టే నిలిపివేస్తున్నట్లు ప్రకటించారు. దాన్ని అమలుపరిచే పని అక్కడి అత్యవసర సన్నాహాల కార్యాలయం మీద పడింది. దేశమంతటా వున్న ప్రాంతీయ కార్యాలయాలతో రోజూ సంప్రదించాలి. అందరినీ ఒకచోటికి రప్పించడం కుదిరే పని కాదు. అప్పుడు ముర్రే టూరాఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఎమిసారి అనే ఏర్పాటు తయారుచేశారు. టెలిఫోను తీగల మీదుగా టెలిటైపు యంత్రాలను ఒక కంప్యూటరుకు కలిపి, ఎవరి ఊళ్ళో వారు కూర్చునే వ్రాతమూలకంగా సమావేశం జరుపుకొనేలా చేశారు. అందులో "పార్టీ లైన్" అనే భాగం ఇప్పటి చాట్ గదికి తాతవంటిది.

ఆ తాతగారి దగ్గర వున్న ఒక పద్ధతిని గుర్తుపెట్టుకోవాలి. పార్టీ లైన్ లో ఎవరెవరు వున్నారో పేర్ల పట్టిక అందరికీ కనిపించేది. కొత్తవారు వచ్చినా, వున్నవారు వెళ్ళినా గదిలో అందరికీ తెలిసేది. అంటే మొట్టమొదటి రోజునుంచే ఈ గదికి గుమ్మం వుంది, గుమ్మం దగ్గర పేరు చెప్పే ఆచారమూ వుంది.

రెండేళ్ళ తర్వాత, 1973లో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రెండో గది తెరుచుకుంది. అక్కడ విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి ప్లేటో అనే పెద్ద కంప్యూటరు వ్యవస్థ వుండేది. డగ్ బ్రౌన్ అనే యువకుడు దానిమీద టాకోమాటిక్ అనే ప్రోగ్రామును వ్రాశాడు. అందులో ఆరు ఛానళ్ళు, ఒక్కొక్క ఛానల్లో ఐదుగురు మాట్లాడవచ్చు. ఇప్పటిలాగా పూర్తిగా టైపు చేసి పంపడం కాదు. వేలు మీట మీద పడగానే ఆ అక్షరం ఎదుటివారి తెరమీద కనిపించేది. తప్పు టైపు చేస్తే తప్పు, చెరిపేస్తే చెరిపిన సంగతి, అన్నీ బయటపడేవే. ఎదురెదురుగా అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టే వుండేదన్నమాట. ఐదుగురు మాట్లాడుతుంటే ఇతరులు ఊరికే వచ్చి చూసిపోయే వీలు కూడా వుండేది. వద్దనుకుంటే మాట్లాడేవారు తమ ఛానల్ను చూడవచ్చే వారికి మూసుకోవచ్చు. ఇక్కడ తలుపుతో పాటు గడియ కూడా వచ్చిందని గమనించండి.

మారుపేర్ల కాలం

ఈ రెండు గదులూ కార్యాలయానికి, కళాశాలకు పరిమితం. మామూలు జనం ప్రవేశించింది 1980 ఫిబ్రవరిలో. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరానికి చెందిన కంప్యూసర్వ్ సంస్థలో శాండీ ట్రెవర్ అనే ఉద్యోగి "సి.బి. సిమ్యులేటర్" అనే ప్రోగ్రాము వ్రాశాడు. అప్పట్లో అమెరికాలో లారీ డ్రైవర్లు సి.బి. అనే చిన్న రేడియో పెట్టుకుని దారిపొడవునా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. ఆ రేడియోకు నలభై ఛానళ్ళు. అసలు పేరుకు బదులు ప్రతివారికీ ఒక మారుపేరు. ట్రెవర్ ఈ ఆచారాన్నంతా తెచ్చి కంప్యూటరులో పెట్టాడు. ఇంట్లో కూర్చుని గంటల లెక్కన డబ్బు కట్టి మరీ జనం అందులో మాట్లాడుకున్నారు.

మారుపేరు వల్ల లాభమూ వుంది, నష్టమూ వుంది. బిడియస్తుడు ధైర్యంగా నోరు విప్పగలడు. అదే ధైర్యంతో పోకిరివాడు నోరు పారేసుకోగలడు. అప్పటినుంచి ఇప్పటివరకు గదుల తగాదాల్లో సగం ఈ మారుపేరు చాటునుంచి వచ్చినవే అంటే అతిశయోక్తి కాదు.

ఫిన్లాండు నుంచి ప్రపంచానికి

ఈ చరిత్రలో పెద్ద మలుపు 1988 ఆగస్టులో వచ్చింది. ఫిన్లాండు దేశంలో ఊలు అనే పట్టణం వుంది. అక్కడి విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ అనే యువకుడు, వేసవి ఉద్యోగంలో వుండి, ఇంటర్నెట్ రిలే చాట్ అనే ప్రోగ్రాము వ్రాశాడు. దీన్నే పొట్టిగా ఐ.ఆర్.సి. అంటారు. దీని గొప్పతనం ఏమిటంటే, అంతా ఒకే కంప్యూటరు మీద ఆధారపడదు. ఒక ఊరి సర్వర్ నుంచి ఇంకో ఊరి సర్వర్ కు మాట అందుకుంటూ పోతుంది. పరుగుపందెంలో కర్ర చేతులు మారినట్టు. అందుకే "రిలే" అన్నారు. ముందు ఫిన్లాండులోని కళాశాలలకు, తర్వాత అమెరికాకు, ఆపైన లోకమంతటికీ పాకింది.

దీని విలువ లోకానికి తెలిసిన సందర్భం మన ఇళ్ళకు కూడా సంబంధించినదే. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యాలు కువైట్ ను ఆక్రమించాయి. కడప, గోదావరి జిల్లాల నుంచి, హైదరాబాదు నుంచి వెళ్ళినవారు ఎందరో అక్కడ వున్నారు. ఆ దినాల్లో మన ఇళ్ళల్లో రేడియో చుట్టూ కూర్చుని, వార్త కోసం చెవులు రిక్కించి ఎదురుచూడడం పెద్దవారికి ఇప్పటికీ జ్ఞాపకమే. ఆ సంవత్సరం ఆగస్టు నుంచి అక్టోబరు వరకు భారత ప్రభుత్వం లక్షన్నరకు పైగా మనవాళ్ళను విమానాల్లో ఇంటికి చేర్చింది. 1991 జనవరిలో యుద్ధం మొదలైనప్పుడు కంప్యూటరు సౌకర్యం వున్న దేశాలవారు ఐ.ఆర్.సి.లో ఒక్క ఛానల్లోకి చేరి, అక్కడినుంచి వచ్చే వార్తలను నిమిషనిమిషానికీ చదువుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో సోవియట్ యూనియన్ లో గోర్బచేవ్ మీద తిరుగుబాటు ప్రయత్నం జరిగి, పత్రికలకు రేడియోలకు కట్టడి పెట్టినప్పుడు కూడా వార్తలు ఈ గదులనుంచి బయటికి వచ్చాయి. మంచి చేతుల్లో వుంటే మాటల గది ఎంత మేలు చేయగలదో అనడానికి ఇవి నిదర్శనాలు.

గుమ్మం దగ్గర మనిషి

ఐ.ఆర్.సి. గదుల్లో ఒక నియమం వుండేది. గదిని మొదట తెరిచినవాడే దానికి ఆపరేటరు. అతని పేరు ముందు ఒక గుర్తు వుండేది, అందరూ గుర్తుపట్టడానికి. గది పైభాగంలో ఈ గది దేనికోసం అనే ఒక వాక్యం వ్రాసి పెట్టేవాడు. అల్లరి చేసినవాడిని బయటికి పంపే అధికారం వుంది. మరీ గోల ఎక్కువైతే తాను అనుమతించినవారు మాత్రమే మాట్లాడేలా కట్టడి చేయవచ్చు. ఇప్పుడు మన గ్రూపులో "అడ్మిన్" అంటున్న పదవికి మూలం ఇదే. 1993 మే నెలలో ఈ నియమాలన్నిటినీ ఓయికరినెన్, రీడ్ అనే మరొకరు కలిసి ఒక పత్రంగా ప్రకటించారు. దాని ప్రకారం మారుపేరు తొమ్మిది అక్షరాలకు మించరాదు. మాట కూడా క్లుప్తంగా వుండాలి, ఒక్కో సందేశానికి 512 అక్షరాల గరిష్ఠ పరిమితి పెట్టారు.

అధికారం వున్నచోట అన్యాయమూ వుంటుంది గదా. కొందరు ఆపరేటర్లు తమకు నచ్చనివారిని గెంటివేసేవారు. సర్వర్ల మధ్య లంకె తెగిపోయినప్పుడు ఖాళీ అయిన గదిలోకి దూరి, తానే ఆపరేటరునని కుర్చీ ఎక్కిన ఘనులూ వున్నారు. అందుకని బుద్ధిమంతులు ఒక్కడి చేతిలో తాళంచెవి వుంచకుండా ఇద్దరు ముగ్గురికి ఇవ్వడం అలవాటు చేసుకున్నారు. ఈమధ్యనే, 2021 మే నెలలో, ఫ్రీనోడ్ అనే ప్రసిద్ధమైన ఐ.ఆర్.సి. వ్యవస్థలో యాజమాన్యం గురించి వివాదం వచ్చి, అక్కడ స్వచ్ఛందంగా పనిచేసేవారు ఒక్కసారిగా బయటికి వచ్చి లిబెరా చాట్ అని కొత్తది పెట్టుకున్నారు. చాలా గదులవారు వారి వెంటే వెళ్ళిపోయారు. తాళంచెవి ఎవరి దగ్గర వున్నా, మనుషులు లేచిపోతే మిగిలేది ఖాళీ గోడలే.

మన ఊరికి వచ్చిన దారి

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. తర్వాత కొన్నేళ్ళలో పట్టణాల్లో వీధివీధికీ ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. గంటకింత అని కట్టి పిల్లలు యాహూ గదుల్లోకి వెళ్ళేవారు. తెలుగు అక్షరాలు టైపు చేయడం అప్పట్లో సులువు కాదు గనుక, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు, ఉర్దూ వ్రాసుకునేవారు. గదిలోకి వెళ్ళగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న వయస్సెంత, ఆడా మగా, ఏ ఊరు అని! సలాం లేదు, మర్యాద లేదు. వేలాది మంది వున్న ఆ గదుల గుమ్మం దగ్గర మనిషి లేడు. ఏమయింది? పిల్లలకు హాని చేసేవారు, చెత్త ప్రకటనలు పంపేవారు చేరారు. 2003 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ వారు చాలా దేశాల్లో తమ ఉచిత గదులను మూసివేశారు. 2012 డిసెంబరులో యాహూ వారు తమ బహిరంగ గదులకు తాళం వేశారు. 2018 జూలైలో యాహూ మెసెంజర్ కూడా పూర్తిగా ఆగిపోయింది.

ఈలోగా 2009లో జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్ అనే ఇద్దరు వాట్సాప్ ను ప్రారంభించారు. 2014లో ఫేస్ బుక్ సంస్థ దాన్ని కొనుగోలు చేసింది. ఇందులో మారుపేరు బదులు ఫోను నంబరే గుర్తు. కనుక అపరిచితుల గది పోయి బంధువుల గది వచ్చింది. గ్రూపులో 2016లో 256 మందికి, 2022లో 1,024 మందికి చోటు పెంచారు. ఎనభైలలో గల్ఫ్ నుంచి మనవాళ్ళు ఉత్తరాలకు బదులు కేసెట్లలో మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చేవారి చేత పంపేవారు. అమ్మీ వాటిని తిప్పి తిప్పి వినడం ఎవరు మరచిపోగలరు? ఆ కేసెట్టు చేరడానికి వారాలు పట్టేది. ఇప్పుడు అదే గొంతు క్షణంలో వస్తున్నది.

అయితే బంధువులు పంపారు గదా అని నమ్మడం వల్లనే పెద్ద ప్రమాదం వచ్చింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని పుకార్లు దేశమంతటా ఫోనుల్లో పాకాయి. ఆ మే నెలలో హైదరాబాదు పాతబస్తీలో ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపింది. జూలై నెలలో హైదరాబాదు నుంచి స్నేహితులతో కలిసి పక్కనే వున్న బీదర్ జిల్లాకు వెళ్ళిన ఒక యువకుడు, అక్కడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, గుంపు చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. వారి కారు ముందుకు పోకముందే వారి గురించిన పుకారు వాట్సాప్ గ్రూపు ద్వారా ముందు ఊరికి చేరింది. అరెస్టయిన వారిలో ఆ గ్రూపు అడ్మిన్ కూడా వున్నాడు. మన ఇంటి పిల్లల వంటి పిల్లవాడే. ఆ పుకారును ముందుకు తోసినవారిలో ఒక్కరైనా ఆగి, "ఇది నిజమేనా? ఎవరు చూశారు?" అని అడిగివుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

అదే నెలలో వాట్సాప్ వారు మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టారు. 2019 జనవరిలో దాన్ని లోకమంతటికీ వర్తింపజేశారు. చాలా చేతులు మారి వచ్చిన సందేశం మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది. 2020 ఏప్రిల్ లో, కరోనా రోజుల్లో, అటువంటివి ఒకసారికి ఒక్కచోటికే పంపే వీలుంచారు. న్యాయస్థానాలు కూడా ఈ విషయాన్ని పరిశీలించాయి. సభ్యుడు పెట్టిన చెడ్డమాటకు, తనకు అందులో ఉమ్మడి ఉద్దేశం లేనప్పుడు, కేవలం అడ్మిన్ అయినందుకే బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు చెప్పింది. 2022లో కేరళ హైకోర్టూ ఇంచుమించు అదే అభిప్రాయం చెప్పింది. అంటే గుమ్మం దగ్గర మనిషిని కాపలా పెట్టి మనం నిద్రపోవడానికి లేదు. మాట ఎవరిదో బాధ్యతా వారిదే.

కొత్తగా చేరేవారికి

ఇంత చరిత్ర చెప్పింది ఇందుకే. 1971లో పేర్ల పట్టికతో మొదలైన గది, గుమ్మం వున్నంతకాలం బాగుంది, లేనప్పుడు చెడింది. కనుక మన గ్రూపులో కొత్తగా అడుగుపెట్టేవారికి మా విజ్ఞప్తులు ఇవి.

చేరగానే సలాం చెప్పి, మీ పేరు, మీ మొహల్లా వ్రాయండి. ఫోనులో మీ నంబరు దాచుకోనివారికి మీరెవరో తెలియదు. గ్రూపు పేరు మీద నొక్కితే ఇది దేనికోసమో వ్రాసి వుంటుంది. ముందు అది చదవండి. ఒకటి రెండు రోజులు ఊరికే వినండి. సమావేశంలోకి ఆలస్యంగా వచ్చినవాడు తలుపు దగ్గర కాసేపు నిలబడి మాట ఎక్కడివరకు వచ్చిందో విని కూర్చుంటాడు గదా, అలాగే. ఒకరి మాటకు జవాబు చెప్పదలిస్తే ఆ మాట మీద వేలు నొక్కి పట్టి, దానికే జవాబివ్వండి. లేకపోతే ఎవరి జవాబు ఎవరికో అంతుపట్టదు. టైపు చెయ్యడం రాని చాచాలు, ఖాలాలు మొహమాటపడనక్కర్లేదు. మైకు గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడండి. కేసెట్టులో మాట్లాడిన అలవాటు మీకు వున్నదే. మోత ఎక్కువైతే గ్రూపు విడిచిపోనక్కర్లేదు, శబ్దం ఆపుకునే ఏర్పాటు వుంది. మనిద్దరి మధ్య వ్యవహారం మనిద్దరమే విడిగా మాట్లాడుకుందాం, వందల మంది ముందు వద్దు. ఒకరిని అడగకుండా వారిని గ్రూపులో చేర్చవద్దు. తమను ఎవరు చేర్చవచ్చో నిర్ణయించుకునే వీలు 2019 నుంచి ప్రతివారికీ వుంది. ఆడపిల్లల ఫోటోలు, ఫోను నంబర్లు వారి అనుమతి లేకుండా ఎంత మాత్రం పెట్టరాదు.

ఇక రక్తం సంగతి. కార్యవర్గం వారు ఇప్పుడు ఒక పద్ధతి పెట్టారు. రక్తం కావాలన్న సందేశంలో తేదీ, వేళ, ఏ ఆస్పత్రి, అడుగుతున్నది ఎవరు అన్న నాలుగూ వుండాలి. పెట్టినవారు ముందు ఆ నంబరుకు తామే ఫోను చేసి కనుక్కోవాలి. పని కాగానే "అయిపోయింది" అని వ్రాసి, కుదిరితే పాత సందేశాన్ని తీసివేయాలి. అడ్మిన్ లు ముగ్గురున్నారు. వారిలో ఎవరికైనా సందేహం వస్తే దాన్ని ఆపి అడుగుతారు. అడిగినప్పుడు సభ్యులెవరూ నొచ్చుకోవద్దని మనవి.

ఆ ఇంటికి సంఘం తరఫున నలుగురం వెళ్ళి క్షమాపణ చెప్పుకొని వచ్చాము. ఆ తల్లి మమ్మల్ని ఏమీ అనలేదు. చాయ్ ఇచ్చి, "ఇంకొకరి ఇంటికి ఇలా ఫోనులు రాకుండా చూడండి బాబూ" అని మాత్రం అన్నది. ఈ వ్యాసం చదివిన ప్రతి సభ్యుడూ, ముందుకు పంపే మీట నొక్కేముందు ఆ మాటను ఒక్కసారి జ్ఞాపకం చేసుకోవాలని కోరుతున్నాము.